పక్కన పెట్టేసిన ఆరో గ్రాఫ్: ఒక పోస్టర్ కేస్ స్టడీ

పరిశోధక విద్యార్థులకు పోస్టర్లు (సదస్సుల్లో తమ పనిని ఒక పెద్ద కాగితం మీద వేసి, బోర్డుకు తగిలించి, పక్కన నిలబడి వివరించేవి), ప్రసంగాలు తయారు చేసుకోవడంలో సాయపడటం నా పని. పదకొండేళ్లుగా ఇదే చేస్తున్నాను. ఈ కేసును ప్రత్యేకంగా రాసిపెట్టడానికి కారణం ఉంది: ఇందులో జబ్బు ఏమిటో నేను మొదట తప్పుగా అంచనా వేశాను, ఆ తప్పులో మూడు వారాలు పోయాయి. విద్యార్థిని అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

ఆమె మూడో ఏడాది స్కాలర్. తక్కువ ఖర్చుతో తయారయ్యే గాలి నాణ్యత సెన్సర్ల మీద పనిచేస్తోంది. ఈ సెన్సర్లు గాలిలోని సన్నటి కణాలను, అంటే పీఎం 2.5ను, లేజర్ కాంతితో కొలుస్తాయి. కణాల మీద పడ్డ కాంతి ఎంత చెదిరిందో చూసి గాలిలో ఎంత ధూళి ఉందో లెక్కకడతాయి. తేమతోనే చిక్కు. తేమ పెరిగితే కొన్ని రకాల కణాలు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. ఉబ్బిన కణం కాంతిని ఎక్కువగా చెదరగొడుతుంది, దాంతో సెన్సర్ ఉన్నదానికన్నా ఎక్కువ ధూళి చూపిస్తుంది. పెద్ద ప్రామాణిక పరికరాల్లో చాలావాటికి గాలి లోపలికి వెళ్లే గొట్టం దగ్గరే వేడిచేసి తేమ తగ్గించే ఏర్పాటు ఉంటుంది. చిన్న సెన్సర్లకు సాధారణంగా ఆ సదుపాయం ఉండదు కాబట్టి, తేమను బట్టి రీడింగును సరిదిద్దే సూత్రాలు వాడతారు. ఈమె చిన్న సెన్సర్లను ప్రామాణిక పరికరం పక్కనే పెట్టి, నెలల తరబడి డేటా తీసి, అలాంటి సూత్రం ఒకటి తయారు చేసింది.

అంతకుముందు ఒక చిన్న సదస్సులో పోస్టర్ పెట్టింది. రెండు గంటలు నిలబడితే ఆగినవాళ్లు నలుగురు. అందులో ఇద్దరు తన ల్యాబ్ వాళ్లే. ఆరు వారాల్లో పెద్ద సదస్సు ఉందనగా నా దగ్గరికి వచ్చింది. "డిజైన్ బాగాలేదు మేడమ్, ఎవరూ ఆగలేదు. అందంగా చేయడం నేర్పండి" అంది.

నేను చూసింది, నమ్మింది

పాత పోస్టర్‌ను తెర మీద తెరిచాం. దాదాపు పన్నెండు వందల పదాలు, తొమ్మిది గ్రాఫులు, మూడు వరుసల శీర్షిక. పరిచయం, పద్ధతులు, ఫలితాలు, ముగింపు అన్నీ పేపర్‌లో ఉన్న వరుసలోనే, పేపర్‌లోని వాక్యాలతోనే ఉన్నాయి. ఇలాంటిది కనబడగానే నాలాంటి వాళ్ల చెయ్యి ఊరుకోదు. డిజైన్ లోపాలు కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంటే అసలు జబ్బు అదేనని నమ్మేశాను. ఆమె కూడా అదే అంటోంది కదా, ఇంకా అనుమానం ఎందుకు?

అక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. ఆగిన ఆ నలుగురూ ఏం అడిగారు? వాళ్లు ఏమీ అడగలేదని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

మొదటి ప్రయత్నం

ముందు కోతలు పెట్టాం. పదాలు నాలుగు వందలకు, గ్రాఫులు మూడుకు దిగాయి. అమరిక కోసం, 2019లో మైక్ మారిసన్ అనే మనస్తత్వశాస్త్ర పరిశోధక విద్యార్థి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి తీసుకున్నాం: నడిమధ్యన పెద్ద అక్షరాల్లో ఒకే ఒక్క ముఖ్యాంశం, ఎడమ పక్క క్లుప్తంగా పని వివరం, కుడి పక్క అదనపు గ్రాఫులు, కింద క్యూఆర్ కోడ్. ఆ పద్ధతి వెనకున్న ఆలోచన నాకు ఇష్టం. నడుస్తూ వెళ్లే మనిషికి కూడా ఏదో ఒకటి అందాలన్నది దాని ఉద్దేశం.

మధ్యలో రాసిన వాక్యం ఇది: "మేం ప్రతిపాదించిన సవరణ సూత్రం తక్కువ ఖర్చు సెన్సర్ల కచ్చితత్వాన్ని పెంచుతుంది."

కారిడార్‌లో వేలాడదీసి రిహార్సల్ పెట్టాం. వేరే వేరే విభాగాల నుంచి ఎనిమిది మందిని పిలిచాను. నేను దూరంగా కూర్చుని ఎవరు ఎంతసేపు నిలబడ్డారో, ఏం అడిగారో రాసుకున్నాను. ఎనిమిది మందీ ఆగారు. మధ్య వాక్యం చదివి, గ్రాఫు మీద ఒకసారి కళ్లు పోనిచ్చి, "చాలా నీట్‌గా ఉంది" అని కదిలిపోయారు. నా కాగితంలో "ప్రశ్నలు" అన్న గడి ఎనిమిది వరుసల్లోనూ ఖాళీ.

ఆ ఖాళీ గడులు చూశాక నా నమ్మకం సడలింది. జనాన్ని ఆపడం ఒక పని. ఆగినవాళ్లతో మాట కలవడం పూర్తిగా వేరే పని. రంగు, సైజు, అమరిక మొదటిదానికి పనికొస్తాయి. రెండోదానికి కావలసింది పోస్టర్‌లో రాసిన విషయంలోనే ఉండాలి. సెన్సర్ కచ్చితత్వం పెరిగిందంటే కాదనేవాళ్లు ఎవరు, అడిగేది ఏముంది?

రెండో ప్రయత్నం, అది కూడా పోయింది

అప్పటికీ నేను మూలానికి వెళ్లలేదు. పోస్టర్ మాట్లాడించకపోతే ఆమే మాట్లాడాలని, మూడు నిమిషాల వివరణ రాయించి కంఠతా పట్టించాను. నాలుగు రోజుల సాధనతో ఎక్కడా తడబడకుండా చెప్పేది. మళ్లీ రిహార్సల్ పెడితే ముందటికన్నా అధ్వాన్నం. ధారగా సాగే ఆ మాటల మధ్య ఎదుటివాళ్లకు దూరడానికి సందు లేదు. సెన్సర్లంటే ఏమిటో తెలియని వాళ్లకూ, సెన్సర్లే జీవితంగా ఉన్న వాళ్లకూ ఒకటే పాఠం. ఒకాయన మధ్యలో నోరు తెరవబోయి, ఆమె ఆగకపోవడంతో ఊరుకున్నారు. తర్వాత అడిగితే, ఏం అడగాలనుకున్నారో ఆయనకే గుర్తులేదు.

మలుపు

ఆ సాయంత్రం లేఅవుట్ ఫైలు మూసేసి, ఆమెను ఊరికే మాట్లాడమన్నాను. "ఈ మొత్తం పనిలో నీకు అంతు చిక్కనిది ఏది? గైడ్‌కి కూడా చెప్పడానికి మొహమాటపడేది ఏమన్నా ఉందా?"

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పాత పోస్టర్ ఫైలు తెరిచి, కోతల్లో మేం తీసేసిన ఆరో గ్రాఫు చూపించింది.

అడ్డంగా తేమ, నిలువుగా సెన్సర్ తప్పు. చుక్కల గుంపు ఒకే గీత మీద ఉండాల్సింది పోయి రెండుగా చీలి, మధ్యలో ఖాళీతో, కొడవలి ఆకారంలో ఉంది. పై అంచు చుక్కలన్నీ ఉదయానివి, కింది అంచువి సాయంత్రానివి. అంటే తేమ రెండు పూటలా ఒకటే అయినా, ఉదయం సెన్సర్ ఎక్కువ తప్పు చూపిస్తోంది, సాయంత్రం తక్కువ. తేమ ఒక్కదాని మీదే ఆధారపడే ఏ సూత్రమైనా ఈ రెండిటినీ ఒకేసారి సరిదిద్దలేదు. ఆమె సూత్రం కూడా అంతే. సగటున బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, ఎందుకంటే ఉదయం తప్పును సాయంత్రం తప్పు కొట్టేస్తోంది.

"ఇది పెట్టకూడదు మేడమ్. కారణం తెలియదు. అడిగితే ఏం చెప్పను?" అంది.

నేను కుర్చీలో ముందుకు జరిగాను. అరగంట నుంచి ఆమె చెప్పినదాంట్లో నాకు నిజంగా ప్రశ్న పుట్టించింది ఇదొక్కటే. ఏరోసాల్ శాస్త్రం, అంటే గాలిలో తేలే కణాల శాస్త్రం, నాకు రాదు. అయినా "ఎందుకలా?" అన్న మాట నోట్లోంచి దానంతటదే వచ్చింది. పేపర్‌లో కారణం తెలియని ఫలితం సమీక్షకుల చేతిలో దెబ్బ తింటుంది. ప్రసంగంలో దానికి సమయం చాలదు. పోస్టర్ దగ్గర మాత్రం, ఆ జవాబు తెలిసిన మనిషి రెండడుగుల దూరంలో నిలబడి తీరిగ్గా మాట్లాడే అవకాశం ఉంటుంది. ఆ అవకాశాన్ని మేమే కోసేసి, ఎవరికీ అభ్యంతరం లేని వాక్యాన్ని నడిమధ్యన పెట్టాం.

అచ్చు వేయకముందు తీసుకున్న నిర్ణయాలు

ఆ గ్రాఫును వెంటనే పోస్టర్ మధ్యకు తేవడానికి నేను ఒప్పుకోలేదు. ఆ ఆకారం గాలిలోంచి వచ్చిందా, కొలతలో పొరపాటు వల్ల వచ్చిందా అన్నది ముందు తేలాలి. కాలంతో మారే డేటాలో ఇలాంటి కొడవలి కనిపిస్తే నేను మొదట అనుమానించేది గడియారాలను. ఒక పరికరం టైమ్ ఇంకోదానికన్నా వెనకబడితే, తేమ పెరిగేటప్పుడు ఒకలా, తగ్గేటప్పుడు ఇంకోలా తప్పు కనిపిస్తుంది. పైగా ప్రామాణిక పరికరం గంట సగటు ఇస్తుంది. ఫైల్లో వేసిన టైమ్ ఆ గంట మొదలుదా, చివరదా? ఆమెకు తెలియదు. మాన్యువల్ తీసి చూసింది, ఆ తర్వాత డేటాను ముందుకూ వెనక్కూ ఒక్కో గంట జరిపి మళ్లీ గీసింది. కొడవలి కాస్త సన్నబడింది, పోలేదు. వేరే సెన్సర్ డేటాతోనూ గీసింది. ఉంది.

ఇంకో అనుమానం మాత్రం తీరలేదు. సెన్సర్ పెట్టె ఎండకు, లోపలి సర్క్యూట్ వేడికి వెచ్చబడుతుంది. అలాంటప్పుడు పెట్టె లోపలి తేమ బయటి తేమంత ఉండదు. ఆమె దగ్గర ఉన్నది బయటి తేమ కొలత మాత్రమే. ఉన్న డేటాతో దీన్ని తేల్చే దారి లేదు. ఆ విషయాన్ని పోస్టర్ మీదే, గ్రాఫు కిందే, ఒక వాక్యంలో రాయించాను: "పెట్టె లోపలి వేడి ప్రభావాన్ని ఇంకా విడదీయలేదు." ఆ వాక్యం అక్కడ ఉండాలా వద్దా అని మేం చాలాసేపు వాదించుకున్నాం. మన బలహీనత మనమే ఎందుకు చెప్పుకోవాలన్నది ఆమె భయం. తెలిసినవాళ్లు ఎలాగూ పట్టుకుంటారు, వాళ్లు పట్టుకునేలోగా మనం చెబితే మాట తర్వాతి మెట్టుకు వెళ్తుందన్నది నా వాదన.

గైడ్ గారిని ఒప్పించడం ఆమె పని, ఆమే చేసింది. ఆయనకు రెండు అభ్యంతరాలు. అచ్చు కాని ఫలితాన్ని ఎవరన్నా ఎత్తుకుపోతారేమో అన్నది ఒకటి. దానికి సమాధానంగా గ్రాఫు ఆకారం చూపించి, ముడి డేటా ఇవ్వకుండా, క్యూఆర్ కోడ్‌లో పోస్టర్ ప్రతి మాత్రమే ఉంచాం. రెండోది, ఆమోదం పొందిన అబ్‌స్ట్రాక్ట్‌లో, అంటే సదస్సుకు ముందే పంపిన సారాంశంలో, సూత్రం గురించి ఉంది కదా అని. ఇది న్యాయమైన అభ్యంతరం. కార్యక్రమ పుస్తకంలో పడ్డ శీర్షిక చూసి వచ్చేవాళ్లు ఉంటారు. అందుకే శీర్షిక అలాగే ఉంచి, దాని కింద ఇంకా పెద్ద అక్షరాల్లో ప్రశ్న పెట్టాం:

"తేమ ఒకటే. ఉదయం తప్పు ఎక్కువ, సాయంత్రం తక్కువ. ఎందుకు?"

సూత్రం ఎడమ పక్క ఒక గ్రాఫుకు సర్దుకుంది.

తయారీలో కొన్ని సంగతులు

బోర్డు నిలువుదో అడ్డందో నిర్వాహకుల సూచనల్లో చూశాకే ఏ0 నిలువు సైజు, అంటే 841 × 1189 మిల్లీమీటర్లు, ఖాయం చేశాం. ఏ0 పొడవూ వెడల్పూ ఏ4కు దాదాపు నాలుగు రెట్లు. అందుకే ఏ4 కాగితం మీద తీసిన ప్రతి మంచి పరీక్ష. పోస్టర్‌లో 24 పాయింట్ల అక్షరం ఏ4 మీద 6 పాయింట్లవుతుంది. చేతిలో పట్టుకుని చదవలేకపోతే బోర్డు మీదా చదవలేరు. ఆమె గ్రాఫు లేబుళ్లు ఈ పరీక్షలో ఓడిపోయాయి. సాఫ్ట్‌వేర్ వేసిన లేబుళ్లను అలాగే వదిలేస్తే దాదాపు ప్రతిసారీ ఇదే జరుగుతుంది.

పాత గ్రాఫులు తెర మీంచి స్క్రీన్‌షాట్ తీసినవి. 800 పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మను 40 సెంటీమీటర్లకు సాగదీస్తే అంగుళానికి 51 పిక్సెళ్లు మిగులుతాయి, అంచులు మెట్లుమెట్లుగా పడతాయి. అన్నిటినీ, ఎంత పెద్దది చేసినా అంచులు చెదరని వెక్టర్ పీడీఎఫ్‌గా మళ్లీ తీసింది. ఉదయానికి ఎరుపు, సాయంత్రానికి ఆకుపచ్చ వాడింది. ఆ రెండు రంగులనూ తేడా పట్టలేని మగవాళ్లు కొన్ని జనాభాల్లో పన్నెండు మందిలో ఒకరు ఉంటారు. నారింజ, నీలం పెట్టి, మూలన ఉన్న రంగుల సూచిక తీసేసి, గుంపుల పక్కనే "ఉదయం", "సాయంత్రం" అని రాశాం. రంగు తెలియకపోయినా అర్థమవుతుంది.

మొదటి ప్రింటులో "మైక్రో" గుర్తు ఉన్న చోటల్లా ఖాళీ గళ్లు పడ్డాయి. పీడీఎఫ్‌లో ఫాంట్లు పొదగలేదు. రెండు రోజుల ముందే ప్రింటు తీయించడం వల్ల సరిచేసుకోగలిగాం.

మాట్లాడే తీరు కూడా మార్చాం. కంఠతా పట్టిన పాఠం పక్కన పెట్టి, ముందు ఆమే ఒక ప్రశ్న అడగాలి: "మీరు సెన్సర్ల వైపా, గాలి రసాయనం వైపా?" జవాబును బట్టి ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. ఇరవై సెకన్లలో చెప్పేది ఒకటి, నిమిషంలో చెప్పేది ఒకటి సిద్ధం చేసుకుంది. ఆ పైన అంతా ఎదుటివాళ్ల ప్రశ్నలతోనే నడవాలి. పోస్టర్‌కు అడ్డం నిలబడకుండా పక్కన ఉండాలి. ఒకరితో మాట్లాడుతుండగా మరొకరు వచ్చి చేరితే, "ఈ రెండు గుంపుల మధ్య తేడా గురించి మాట్లాడుకుంటున్నాం" అని ఒక్క ముక్కతో వాళ్లను కలుపుకోవాలి. ఈ చివరిది చిన్నదే, కానీ గుంపు కూడేది దానివల్లే. ప్రతి సంభాషణ అయ్యాక నోట్‌బుక్‌లో రెండు వరుసలు రాసుకోవాలన్నది ఒక్కటే నేను గట్టిగా పెట్టిన నియమం.

సెషన్ రోజు

మొదటి ఇరవై ఐదు నిమిషాలు ఎవరూ రాలేదు. ఆ సమయంలో నాకు మెసేజ్ పెట్టింది, "మళ్లీ అంతే మేడమ్" అని. తర్వాత నోట్‌బుక్‌లో పంతొమ్మిది సంభాషణలు నమోదయ్యాయి.

ఒక పెద్దాయన వచ్చీ రాగానే, "ఇదంతా నీ పెట్టె వేడెక్కడమేనమ్మా, ఇంకేం లేదు" అన్నారట. ఆమె గ్రాఫు కింది వాక్యం చూపించి, "ఆ అనుమానం మాకూ ఉందండీ, దాన్ని విడదీయాలంటే మీరైతే ఏం చేస్తారు?" అంది. ఆయన పది నిమిషాలు ఉండి, పెట్టె లోపల సెన్సర్ పక్కనే ఇంకో తేమ సెన్సర్ పెట్టమనీ, కొన్ని రోజులు పెట్టెకు నీడ కల్పించి చూడమనీ చెప్పి వెళ్లారు. మేం వాదించుకున్న ఆ వాక్యమే లేకుంటే ఆమె సంజాయిషీ చెప్పుకుంటూ నిలబడేది.

సెషన్ చివర్లో కణాల రసాయనం మీద పనిచేసే ఒకావిడ ఆగారు. ప్రశ్న చదివి, "వెనక్కి వచ్చేటప్పుడు దారి వేరు" అని తనలో తాను అనుకున్నట్టుగా అన్నారట. ఆమె చేతిలోని ఏ4 ప్రతి తీసుకుని, వెనక వైపు పెన్నుతో ఒక వలయం గీశారు. అమోనియం సల్ఫేట్ లాంటి ఉప్పు కణం పొడిగా ఉన్నప్పుడు, తేమ దాదాపు 80 శాతానికి చేరేదాకా కరగదు. ఒకసారి కరిగి చుక్కగా మారాక మాత్రం, తేమ 35 శాతం దరిదాపులకు పడిపోయేదాకా ఆ నీటిని వదలదు. రాత్రంతా తడిసిన కణం ఉదయం తేమ తగ్గుతున్నా ఉబ్బే ఉంటుంది. పగలు బాగా ఆరిన కణం సాయంత్రం అదే తేమ దగ్గర ఇంకా పొడిగానే ఉండొచ్చు. ఏరోసాల్ రసాయనం చదివినవాళ్లకు ఇది పాఠ్యపుస్తకంలో విషయం. పరికరాల వైపు నుంచి వచ్చిన ఈమెకు గానీ, ఈమె గైడ్‌కు గానీ అది ఎదురుపడలేదు.

పనిచేయనివి

క్యూఆర్ కోడ్‌ను దాదాపు ఎవరూ స్కాన్ చేయలేదు. మనుషులు పోస్టర్‌ను ఫోన్‌తో ఫొటో తీసుకుని వెళ్లారు. ఎడమ పక్క పద్ధతుల వివరం ఎవరూ చదివినట్టు లేదు. దాన్ని ఇంకా సగానికి తగ్గించాల్సింది.

బహుమతి రాలేదు. న్యాయనిర్ణేతల వ్యాఖ్యల్లో "ముగింపు స్పష్టంగా లేదు" అని ఉంది. వాళ్ల కొలమానం ప్రకారం అది సరైన మాటే. తేలిన ముగింపుకు మార్కులుండే చోట తేలని ప్రశ్న పెడితే ఆ మార్కులు పోతాయి. బహుమతే ముఖ్యమైన దశలో ఉన్న విద్యార్థికి ఈ దారి చెప్పేముందు ఆ సంగతి ముందే చెప్పాలి. ఈమెకు నేను చెప్పలేదు.

నా పనిలో మార్చుకున్నవి

ఇప్పుడు నేను మొదటి రోజు పోస్టర్ ఫైలు తెరవను. పేపర్‌లోకి ఎక్కనివీ, వద్దని తీసేసినవీ సహా గ్రాఫులన్నీ తెమ్మంటాను. ఒక్కోదాన్ని టేబుల్ మీద పెట్టి "దీని గురించి ఎవరినన్నా అడగాలని ఉందా?" అంటాను. ఎక్కువమంది రెండు మూడు గ్రాఫుల దగ్గర తటపటాయిస్తారు. మా పని అక్కణ్నుంచి మొదలవుతుంది.

అందరికీ ఇదే దారి చెప్పను. పేటెంట్ దరఖాస్తు దారిలో ఉన్న పనికి ఇది పనికిరాదు. కొలత పొరపాటు కాదని తనిఖీ చేయడానికి సమయం లేకపోతే అస్సలు వద్దు. గైడ్‌కు ఇష్టం లేకుండా చేస్తే దాని భారం విద్యార్థి మీదే పడుతుంది. రిహార్సల్‌లో నేను కొలిచేది కూడా మారింది: ఎంతమంది ఆగారన్నది రాయడం మానేసి, వచ్చినవాళ్లు మొదట అడిగిన ప్రశ్నను వాళ్ల మాటల్లోనే రాసుకుంటున్నాను.

ఆమె పెట్టె లోపల ఇప్పుడు రెండో తేమ సెన్సర్ నడుస్తోంది. ఆ వలయం గీసిన ఏ4 కాగితం, తేదీ, టైమ్ వేసి, ఆమె ల్యాబ్ నోట్‌బుక్‌లో అంటించి ఉంది. దాని ఎదురు పేజీలో తేమ పెరిగే గంటలను, తగ్గే గంటలను వేరుచేసి కొత్త లెక్క మొదలుపెట్టింది.